వలస వెళ్లే కూలీల పిల్లలు బడి మానకుండా ఉండాలంటే మనం ఏం చేయగలం?

మీరు అడిగింది ఇదీ: మీ ఊళ్లో వలస పోయే ఇళ్ల పిల్లలు నవంబర్ వచ్చేసరికి బడిలో కనిపించడం లేదు. మీ నలుగురు స్నేహితులు కలిసి నోట్‌బుక్స్, బ్యాగులు పంచి, సాయంత్రాలు ట్యూషన్ చెబుదామనుకుంటున్నారు. దానివల్ల ఉపయోగం ఉంటుందా?

నేను కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక ప్రాథమిక పాఠశాలలో పంతొమ్మిదేళ్లుగా ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా పనిచేస్తున్నాను. బ్యాగు లేదని బడి మానేసిన పిల్లల్ని ఈ పంతొమ్మిదేళ్లలో ఒక్కరిని కూడా చూడలేదు. అమ్మానాన్నలతో బండి ఎక్కారు, అందుకే మానేశారు. మీ దగ్గరున్న డబ్బు, సమయం ఆ బండి బయల్దేరడానికి ముందు రోజుల మీద పెట్టండి. ట్యూషన్ సంగతి తర్వాత చూడొచ్చు.

మా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు ఈ వలసను 'సుగ్గి' అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం, సంబరంగా పలికే మాట. మా దగ్గర మాత్రం 'సుగ్గికి పోయినారు' అంటే ఆ ఇంటికి తాళం పడిందని అర్థం. తుంగభద్ర దిగువ కాలువ పక్కన ఉన్న ఊళ్లను పక్కనపెడితే మిగతా పొలాలన్నీ చాలావరకు వానాధారమే. పత్తి ఏరడం, శనక్కాయ పీకడం అయిపోతే ఊళ్లో చేయడానికి పని ఉండదు. దీపావళి తర్వాత కొన్ని ఇళ్లు తెలంగాణ వైపు పత్తి తీతకు పోతాయి. సంక్రాంతి దాటాక పెద్ద గుంపు గుంటూరు వైపు మిరప కోతలకు కదులుతుంది. ఉగాదికి కొందరు, ఎండలు ముదిరాక మిగిలినవాళ్లు తిరిగొస్తారు. బడి నడిచే పది నెలల్లో నాలుగైదు నెలలు అలా పోతాయి.

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి ఉత్సవాలప్పుడు అందరూ ఊళ్లోనే ఉంటారు. అప్పుడు మా తరగతి గదుల్లో కూర్చోవడానికి చోటుండదు. ఒక ఏడాది ఆగస్టులో నా తరగతికి 34 మంది వచ్చేవాళ్లు. ఫిబ్రవరికి వచ్చేసరికి 11 మంది మిగిలారు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక రాత్రి నేను బండి దగ్గరికి వెళ్లాను. డీసీఎం లారీలో జొన్నల మూటలు, వంట గిన్నెలు, కట్టెలు, బుట్ట కింద రెండు కోళ్లు. మా ఐదో తరగతి అమ్మాయి చంకలో తమ్ముణ్ని ఎత్తుకుని మూటల మధ్య కూర్చుని ఉంది. వాళ్ల నాన్న ఇంటికి తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా కంప లాగాడు. "పాపను వదిలిపెట్టి పోండమ్మా, పరీక్షలున్నాయి" అన్నాను. ఆమె తల్లి కోప్పడలేదు. "యాడ ఇడిసిపెట్టి పోవల్ల మేడం? అవ్వకు కండ్లు కనపడవు. ఆడపిల్లను ఒక్కదాన్నే పెట్టి పోతే నాకు ఆడ నిద్ర పడుతుందా? చిన్నోన్ని సూసేదెవరు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. చదువు విలువ గురించి చెప్పాల్సిన అవసరం ఆ తల్లికి లేదు. ఆమె అడిగినవి రెండే: పిల్ల ఎక్కడ పడుకుంటుంది, చిన్నవాణ్ని ఎవరు ఎత్తుకుంటారు. వాటికి జవాబు చెప్పకుండా ఎంత అవగాహన కల్పించినా లాభం లేదని నాకు అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది.

మొదటి ప్రశ్నకు జవాబు సీజనల్ హాస్టల్. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద వలస ఊళ్లలో ఇవి నడుస్తాయి. పిల్లలు బడి గదుల్లోనే పడుకుంటారు. మధ్యాహ్నం ఎలాగూ బడి భోజనం ఉంటుంది, పొద్దున టిఫిన్, రాత్రి అన్నం హాస్టల్ చూసుకుంటుంది. ఆలోచన చాలా మంచిది. అయితే మా ఊళ్లో మొదటిసారి హాస్టల్‌కు అనుమతి వచ్చేసరికి డిసెంబర్ మూడో వారం అయింది. మొదటి బండ్లు నవంబర్‌లోనే వెళ్లిపోయాయి. దుప్పట్లు వచ్చాయి, పళ్లేలు వచ్చాయి, పిల్లలు తెలంగాణ పత్తి చేలలో ఉన్నారు. ఆ కొత్త పళ్లేల కట్ట విప్పకుండా గది మూలన పెట్టినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. తేదీ తప్పితే మొత్తం ఖర్చు వృథా.

తర్వాతి ఏడాది మా హెచ్ఎం (ప్రధానోపాధ్యాయులు) గారు, చుట్టుపక్కల బడుల పని చూసే సీఆర్పీ, నేను శ్రావణమాసంలోనే మొదలుపెట్టాం. సాయంత్రాలు ఇంటింటికీ తిరిగి ఎవరు పోతున్నారు, ఏ నెలలో పోతున్నారు, కూలీలను తీసుకుపోయే ఏ మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు, ఇంట్లో ఎవరు మిగులుతారు అని ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాం. ఆ జాబితాతో సెప్టెంబర్‌లోనే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు దరఖాస్తు పెట్టాం. పేర్లు, బయల్దేరే తేదీలు కాగితం మీద ఉంటే ఫైలు కొంచెం తొందరగా కదులుతుందని అప్పుడు తెలిసింది. అయినా ఆలస్యమైతే ఎట్లా అని ఊరి పెద్దలను అడిగి మొదటి పదిహేను రోజులకు బియ్యం, కందిపప్పు సిద్ధం చేసుకున్నాం. ఆ పదిహేను రోజులే మమ్మల్ని గట్టెక్కించాయి.

వంటామె విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. బయటి ఊరి నుంచి ఎవరినో తెచ్చి పెడితే తల్లులు పిల్లల్ని వదలరు. మా దగ్గర ఎక్కువమంది పిల్లలు బోయ, మాదిగ, కురువ ఇళ్లవాళ్లు. ఆ వాడల్లోనే, వాళ్లకు పిన్నో అత్తో వరసయ్యే ఇద్దరు ఆడవాళ్లను పెట్టాం. "మా అక్క కూతురు ఉంటుంది కదా రాత్రిపూట" అని ఒక తల్లి మొదట ఒప్పుకుంది. ఆమెను చూసి మరో ఆరుగురు ఒప్పుకున్నారు.

ఇంకో పని కూడా చేశాం. ప్రతి ఆదివారం సాయంత్రం నా ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఒక్కొక్కరి అమ్మానాన్నకు కలిపేదాన్ని. అటువైపు మిరపఘాటుకు దగ్గుతూ ఒక తల్లి "ఏం తిన్యావు?" అని అడిగేది. ఇటువైపు రెండో తరగతి పిల్లవాడు "సంగటి, పప్పు. రాత్రి అన్నం" అని వరసగా అప్పజెప్పేవాడు. అంతే, ఇంకేం మాట్లాడుకునేవాళ్లు కాదు. ఒక్క వారం ఆ ఫోన్ తప్పితే మంగళవారానికల్లా ఏదో ఒక తండ్రి పిల్లవాణ్ని తీసుకుపోవడానికి బస్సు దిగేవాడు. హాస్టల్లో పిల్లలు నిలబడటానికి టిఫిన్ కంటే ఆ ఫోనే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

రెండో ప్రశ్న, చంకలో తమ్ముడు. ఇది చాలామందికి కనిపించదు. పదేళ్ల ఆడపిల్లలు చాలామంది వెళ్లేది మిరపకాయలు కోయడానికి కాదు, చేను గట్టున చిన్నపిల్లల్ని చూసుకోవడానికి. కొన్నాళ్లకు ఎలాగూ వాళ్ల చేతికీ సంచి వస్తుంది, అది వేరే సంగతి. అంగన్‌వాడీలో మూడేళ్లు నిండిన పిల్లల్ని కూర్చోబెట్టుకుంటారు, కానీ సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. అంతకంటే చిన్నవాళ్లకు అదీ లేదు. మేం చేయగలిగింది చిన్నదే: రెండు మూడు ఇళ్లు కలిసి పోతుంటే, వాళ్లలో ఒక పెద్దామె కూలికి పోకుండా డేరా దగ్గర అందరి చంటిపిల్లల్ని చూసేలా, ఆమెకు మిగతావాళ్లు కూలిలో కొంత ఇచ్చేలా మాట్లాడించాం. అన్ని గుంపుల్లో కుదరలేదు. కుదిరిన చోట ఇద్దరు అక్కలు ఊళ్లో ఆగారు. మిగిలిన అక్కల విషయంలో నేను ఓడిపోయాననే చెప్పాలి.

ఇక తిరిగొచ్చిన పిల్లలు. నేను మొదట చెప్పిన ఆ ఐదో తరగతి అమ్మాయి ఏప్రిల్ మొదట్లో బడికి వచ్చింది. పెన్సిల్ పట్టుకుంటే వేళ్లు మండుతున్నాయని చున్నీ కొస చుట్టుకుని పట్టుకుంది. వేళ్ల చివర తోలు లేచి ఉంది. రాత్రి మజ్జిగలో చేతులు పెట్టుకుని పడుకుంటానని చెప్పింది. ఆ రోజు ఆమె చేత ఏమీ రాయించలేదు, కథ చెప్పించాను.

ఇలా వచ్చిన పిల్లలకు 'ఇంతకాలం రాలేదు, పేరు తీసేశాం' అని ఏ బడీ చెప్పకూడదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. సెక్షన్ 4 ప్రకారం బడి మానేసిన పిల్లల్ని వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. సెక్షన్ 5 ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. సెక్షన్ 14 ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని వెనక్కి పంపకూడదు. ఒకసారి మా పిల్లలు పని చేస్తున్న ఊరి బడికి ఫోన్ చేసి ముగ్గుర్ని కూర్చోబెట్టుకోమని అడిగితే, "మూడు నెలల్లో వెళ్లిపోయేవాళ్లను చేర్చుకుంటే మా లెక్కలు పాడవుతాయి మేడం" అన్నారు. అప్పుడు సెక్షన్ల నంబర్లతో సహా వాట్సాప్‌లో పంపాను. మరుసటి రోజు నుంచి కూర్చోనిచ్చారు. ఆ మూడు నంబర్లు మీ ఫోన్లో రాసిపెట్టుకోండి. ఆన్‌లైన్‌లో పిల్లల పేరు డ్రాప్ బాక్స్‌లో, అంటే బడికి రానివాళ్ల జాబితాలో పడి ఉంటే, వాళ్లు తిరిగి రాగానే హెచ్ఎం చేత మళ్లీ తరగతిలోకి తెప్పించండి. ఎవరూ పట్టించుకోకపోతే అది అలాగే ఉండిపోతుంది.

చదువు విషయానికొస్తే, ఐదో తరగతి పిల్లకు రెండో తరగతి పుస్తకం చదవడం రాకపోతే ఐదో తరగతి పాఠం చెప్పి లాభం లేదు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1990ల నుంచి పనిలో ఉన్న పిల్లల్ని కొన్ని నెలలు శిబిరాల్లో ఉంచి, చదవడం రాయడం పట్టుబడ్డాక వయసుకు తగ్గ తరగతిలో చేర్చింది. దాన్ని నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. మీరు అనుకుంటున్న ట్యూషన్ ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో, తిరిగొచ్చిన పిల్లలకు మాత్రమే, రోజుకు రెండు గంటలు చదవడం, కూడికలు తీసివేతలు చెప్పండి. వేసవిలో బడి ఉండదు కాబట్టి మీరు లేకపోతే వాళ్లకు ఎవరూ ఉండరు. ఐదో తరగతి దాటిన ఆడపిల్లలుంటే దగ్గర్లోని కస్తూర్బా బాలికా విద్యాలయంలో (ఆడపిల్లల ప్రభుత్వ హాస్టల్ బడి) అడగండి. పద్నాలుగు దాటి పూర్తిగా మానేసినవాళ్లకు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టించవచ్చు.

మీ నలుగురిలో ఇద్దరు ఈ వారమే ఊళ్లో తిరిగి జాబితా మొదలుపెట్టండి. మీ ఊళ్లో మొదటి బండి ఏ రోజు కదులుతుందో మేస్త్రినే అడగండి, అతను దాచడు. ఆ తేదీకి నెలన్నర ముందు మీ హెచ్ఎం గారితో కలిసి ఎంఈఓ ఆఫీసుకు వెళ్లండి. బ్యాగులకు దాచిన డబ్బు ఉంచండి, మొదటి పదిహేను రోజుల బియ్యానికి, ఫోన్ రీచార్జికి పనికొస్తుంది. జాబితా రాసేటప్పుడు, చంకలో తమ్ముడో చెల్లెలో ఉన్న అక్కల పేర్లు ముందు రాయండి.