ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు వైర్‌లెస్ గేమింగ్ మౌస్ కొనేటప్పుడు ముందు ఏం చూడాలి?

మీరు అడిగింది ఇదీ: మీది ఎడమచేతి వాటం, మీ తమ్ముడిది కుడిచేతి వాటం. ఇద్దరూ ఒకే కంప్యూటర్ మీద షూటింగ్ గేమ్స్ ఆడతారు. ఇద్దరికీ పనికొచ్చే వైర్‌లెస్ మౌస్ ఒకటి కావాలి. పెట్టె మీద ఆంబిడెక్స్‌ట్రస్ (రెండు చేతులకీ పనికొచ్చేది) అని ఉన్నదేదైనా తీసుకోవచ్చా?

వద్దండి. ఆ మాట చూసి మాత్రం కొనకండి. నేనూ పుర్రచేతివాణ్ణే, మొదటినుంచీ ఎడమ చేత్తోనే ఆడుతున్నాను, కాబట్టి ఈ విషయం కాస్త వివరంగా చెప్తాను.

ఆ మాటని కంపెనీలు రెండు అర్థాల్లో వాడతాయి. ఒకటి, మౌస్ ఆకారం రెండు పక్కలా ఒకేలా ఉండటం. రెండోది, ఆకారంతో పాటు పక్క బటన్లు కూడా రెండు వైపులా ఉండటం. మొదటి రకం మౌస్ మీ చేతిలో హాయిగానే ఇముడుతుంది, కానీ పక్క బటన్లు ఎడమవైపే ఉంటాయి. ఎడమ చేత్తో పట్టుకుంటే బొటనవేలు కుడివైపు పడుతుంది, అక్కడ నున్నటి ప్లాస్టిక్ తప్ప ఏమీ ఉండదు. ఉన్న రెండు బటన్లూ ఉంగరం వేలి కిందికీ చిటికెన వేలి కిందికీ వస్తాయి. ఉంగరం వేలితో నొక్కడం అలవాటు చేసుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. నేను అలా ఆడి చూశాను. మౌస్‌ని పట్టి ఉంచేది ఆ వేళ్లే కాబట్టి, నొక్కిన ప్రతిసారీ పట్టు సడలి గురి పక్కకి జరుగుతుంది. బ్రౌజర్‌లో వెనక్కి వెళ్లడానికైతే ఫర్వాలేదు, ఎదుటివాడు తుపాకీతో నిలబడి ఉన్నప్పుడు కాదు.

ఈ తేడా ఇప్పుడు మరీ ముఖ్యం. ఎందుకంటే కొత్త మోడళ్లు వచ్చేకొద్దీ కుడివైపు బటన్లు మాయమవుతున్నాయి. రేజర్ వైపర్ అల్టిమేట్ 2019లో వచ్చింది, దానికి రెండు వైపులా బటన్లున్నాయి. 2022లో వచ్చిన వైపర్ వీ2 ప్రో దాని తర్వాతి తరం. బరువు 74 గ్రాముల నుంచి 58కి దిగింది, కుడివైపు బటన్లు పోయాయి. లాజిటెక్‌దీ అదే కథ. 2018 నాటి జీ ప్రో వైర్‌లెస్‌లో రెండు వైపులా బటన్లు పెట్టుకోవచ్చు. 2020లో వచ్చిన జీ ప్రో ఎక్స్ సూపర్‌లైట్ చూడటానికి దానిలాగే ఉంటుంది, కానీ బటన్లు ఎడమవైపే. బరువు తగ్గించే పోటీలో ముందుగా కోత పడింది మన బొటనవేలి బటన్లకే. పాత మోడల్ గురించి ఎవరో రాసిన మంచి మాటలు చదివి, అదే పేరున్న కొత్త మోడల్ కొనేస్తే మీకు ఉపయోగం ఉండదు. కొనే ముందు మౌస్‌ని కుడి పక్కనుంచి తీసిన ఫొటో వెతికి చూడండి. అది దొరక్కపోతే ఆ మౌస్ సంగతి వదిలేయండి.

పక్క బటన్లు లేకపోతే ఏమవుతుంది, కీబోర్డ్ ఉందిగా అని మీ తమ్ముడు అనొచ్చు. కుడిచేతి వాటం వాళ్లకి ఆ మాట కొంతవరకు నిజం. మనకి మౌస్ ఎడమ చేతిలో ఉంటుంది, కీబోర్డ్ మీదికి కుడి చెయ్యి వస్తుంది. డబ్ల్యూ, ఏ, ఎస్, డీ కీల మీద కుడి చెయ్యి పెడితే షిఫ్ట్, కంట్రోల్ చూపుడు వేలికి అవతల పడతాయి, చెయ్యి మెలిపెట్టాల్సి వస్తుంది. నేను ఐ, జే, కే, ఎల్ వాడతాను. చూపుడు వేలు జే మీద, మధ్య వేలు ఐ, కే మధ్య తిరుగుతూ, ఉంగరం వేలు ఎల్ మీద ఉంటుంది. దూకడానికి బొటనవేలు కింద స్పేస్ బార్ సరిగ్గా అందుతుంది. కూర్చోవడానికి కుడివైపు షిఫ్ట్ పెట్టుకుంటాను. చిక్కేమిటంటే ఆ చుట్టుపక్కల కీలకి గేమ్స్‌లో ముందే వేరే పనులుంటాయి, ఐ నొక్కితే సామాను సంచీ, ఎమ్ నొక్కితే మ్యాప్ తెరుచుకోవడం లాంటివి. అవన్నీ ఒక్కొక్కటిగా మార్చుకోవాలి, కొన్ని గేమ్స్ కొన్ని కీలని అసలు మార్చనివ్వవు. అలాంటప్పుడు బొటనవేలి కింద రెండు బటన్లు ఉండటం ఎంత సాయమో ఆడితేనే తెలుస్తుంది. గ్రెనేడ్ ఒకదానికి, మాట్లాడే బటన్ ఒకదానికి పెట్టుకుంటే కుడి చెయ్యి నడకకే మిగులుతుంది. పక్క బటన్ల అవసరం కుడిచేతి వాళ్ల కంటే మనకే ఎక్కువని నా గట్టి నమ్మకం.

ఇక మోడళ్ల విషయానికొస్తే, మీ ఇద్దరికీ నేను ముందు చూడమనేది జీ ప్రో వైర్‌లెస్. బరువు 80 గ్రాములు, పొడవు 125 మిల్లీమీటర్లు. పక్క బటన్లు అయస్కాంతంతో అతుక్కుంటాయి. కావలసిన వైపు బటన్లు, అక్కర్లేని వైపు ఖాళీ మూత పెట్టుకోవచ్చు. ఆ ఖాళీ మూతకి ఉన్న విలువ చాలామంది గుర్తించరు. రెండు వైపులా బటన్లు శాశ్వతంగా ఉండే మౌస్‌లో, మీకు అక్కర్లేని వైపువి ఉంగరం వేలు తగిలి వాటంతట అవే నొక్కుకుంటాయి. సాఫ్ట్‌వేర్‌లో వాటిని ఆపేయొచ్చు, కానీ వేలి కింద ఆ గట్టు తగులుతూనే ఉంటుంది. డీపీఐ, అంటే మౌస్ కొంచెం కదిపితే తెర మీద గురి ఎంత కదలాలన్న లెక్క, దాన్ని మార్చే బటన్ అడుగున ఉంటుంది కాబట్టి పొరపాటున నొక్కే భయం లేదు.

ఇది పాత మోడల్ కాబట్టి ఎవరో వాడినది దొరికే అవకాశం ఎక్కువ. అలా కొంటే ఒకటి తప్పకుండా అడగండి: కుడివైపు బటన్ ముక్కలు పెట్టెలో ఉన్నాయా? మౌస్ వచ్చేటప్పుడు ఎడమవైపు బటన్లు బిగించి వస్తుంది. కుడివైపువి విడిగా ఇస్తారు. కుడిచేతి వాళ్లకి వాటితో పని ఉండదు, ఎక్కడో పారేస్తారు. ఆ చిన్న ముక్కలు లేకపోతే మీ వరకు అది కుడిచేతి మౌసే. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తోందో కూడా అడగండి. లైట్లు ఆపేస్తే 60 గంటల వరకు వస్తుందని కంపెనీ లెక్క, ఏళ్లు గడిచిన బ్యాటరీ అంత ఇవ్వదు. ఛార్జింగ్ పోర్ట్ మైక్రో యూఎస్‌బీ, పాత వైరు ఒకటి దాచుకోండి.

వైపర్ అల్టిమేట్ రెండో ఎంపిక. ఎత్తు 38 మిల్లీమీటర్ల లోపే, బాగా చదునుగా ఉంటుంది. మౌస్ మీద అరచెయ్యి మొత్తం ఆన్చే అలవాటుంటే చేతి కింద ఖాళీగా అనిపిస్తుంది. వేళ్లు వంచి పట్టుకునేవాళ్లకి, వేలి కొసలతో మాత్రమే నడిపేవాళ్లకి చక్కగా కుదురుతుంది. దీని ప్రధాన క్లిక్ బటన్లలో లోహపు స్పర్శ బదులు కాంతి కిరణంతో పనిచేసే స్విచ్‌లు ఉన్నాయి. మామూలు స్విచ్‌లలో లోహపు రేకు అరిగితే ఒకసారి నొక్కితే రెండుసార్లు పడే జబ్బు వస్తుంది. నా పాత మౌస్ ఒకటి అలాగే పోయింది. కాంతి స్విచ్‌లో ఆ బాధ ఉండదు.

అసూస్ ఆర్‌ఓజీ పూజియో 2 అని ఇంకొకటుంది. దానికీ పక్క బటన్లు ఊడదీసి పెట్టుకునే వీలుంది. పైగా లోపలి స్విచ్‌లని సోల్డరింగ్ లేకుండా మార్చుకోవచ్చు. షూటింగ్ గేమ్స్ కంటే వ్యూహాల ఆటలు, ఆఫీసు పని ఎక్కువైతే లాజిటెక్ జీ903 కూడా చూడొచ్చు. దాని స్క్రోల్ చక్రం ఒక్క తోపుతో ఆగకుండా తిరుగుతుంది, పక్కలకి కూడా వంగుతుంది. కాకపోతే 110 గ్రాములు, త్వరగా గురి మార్చే ఆటల్లో చెయ్యి అలసిపోతుంది.

అచ్చంగా ఎడమచేతికే చేసిన మౌస్ అడగొచ్చు మీరు. రేజర్ నాగా లెఫ్ట్ హ్యాండెడ్ అని 2020లో వచ్చింది, బొటనవేలి దగ్గర 12 బటన్లు ఉంటాయి, కానీ వైరుతోనే వస్తుంది. పైగా మీ తమ్ముడు దాన్ని పట్టుకోలేడు.

మౌస్ కదలికని పసిగట్టే సెన్సర్ గురించి తల బద్దలు కొట్టుకోకండి. పైన చెప్పినవాటిలో ఏ సెన్సరైనా మన చేతి కదలికకి చాలు. 16,000, 20,000 డీపీఐ అని రాస్తారు, షూటింగ్ గేమ్స్ ఆడేవాళ్లలో ఎక్కువమంది 400 నుంచి 1600 మధ్యే వాడతారు. పోలింగ్ రేటు 1000 హెర్ట్జ్ అంటే మిల్లీసెకనుకి ఒకసారి మౌస్ తన స్థానం చెప్తుంది. 8000 హెర్ట్జ్‌కి పెంచితే ఆ వ్యవధి 0.125 మిల్లీసెకన్లకి తగ్గుతుంది, బ్యాటరీ కూడా గబగబా తగ్గుతుంది. దానికోసం బొటనవేలి బటన్లు వదులుకోవడం నష్టమే. ఆడేటప్పుడు బ్లూటూత్ మాత్రం వాడకండి, మౌస్‌తో ఇచ్చిన డాంగిల్‌తోనే (యూఎస్‌బీ పోర్ట్‌లో గుచ్చే చిన్న రిసీవర్) ఆడండి.

ఆ డాంగిల్ ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. యూఎస్‌బీ 3.0 పోర్ట్‌లు, వైర్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. గేమింగ్ డాంగిల్స్ నడిచేది ఆ పౌనఃపున్యంలోనే. డాంగిల్‌ని కంప్యూటర్ వెనక గుచ్చి, పక్కనే హార్డ్ డిస్క్ తగిలిస్తే మౌస్ మధ్యమధ్యలో తడబడుతుంది. డబ్బాలో ఇచ్చే పొడిగింపు వైరుతో డాంగిల్‌ని మౌస్ ప్యాడ్ పక్కకి తెచ్చుకోండి. మీ ఇద్దరిలో ఒకరు ఎడమవైపు, ఒకరు కుడివైపు ఆడతారు కాబట్టి మానిటర్ కింద మధ్యలో పెడితే ఇద్దరికీ సమానం.

ఎడమ క్లిక్, కుడి క్లిక్ తారుమారు చేసుకోవాలా అన్నది తర్వాతి ప్రశ్న. విండోస్ సెట్టింగ్స్‌లో మౌస్ విభాగంలో ప్రధాన బటన్ మార్చే వీలుంది. కానీ చాలా గేమ్స్ మౌస్ నుంచి సంకేతాన్ని నేరుగా తీసుకుంటాయి, విండోస్‌లో పెట్టిన మార్పుని లెక్కచెయ్యవు. డెస్క్‌టాప్ మీద చూపుడు వేలితో క్లిక్, గేమ్‌లోకి వెళ్లగానే మధ్య వేలితో కాల్పులు, ఇది చాలా చిరాకు. అందుకని విండోస్‌లో ముట్టుకోకుండా మౌస్ సాఫ్ట్‌వేర్‌లో మార్చి, మౌస్ సొంత మెమరీలో దాచాలి. అప్పుడు ఏ గేమ్ అయినా, ఏ కంప్యూటర్ అయినా ఒకేలా ఉంటుంది. ముందు కుడి బటన్‌కి ప్రధాన క్లిక్ ఇచ్చి, ఆ తర్వాతే ఎడమ బటన్‌ని మార్చండి. ప్రధాన క్లిక్ ఏ బటన్‌కీ లేకుండా చెయ్యడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. జీ ప్రో వైర్‌లెస్‌లోనూ వైపర్ అల్టిమేట్‌లోనూ 5 ప్రొఫైళ్లు, అంటే బటన్ల అమరికలు, దాచుకోవచ్చు, ఒకటి మీకు, ఒకటి తమ్ముడికి పెట్టుకుంటే సరిపోతుంది.

అసలు తారుమారు చెయ్యకుండానే ఆడే ఎడమచేతి వాళ్లూ ఉన్నారు. మధ్య వేలితో కాల్చి, చూపుడు వేలితో గురిపెడతారు. మీకు ఇప్పటికే ఆ అలవాటుంటే అలాగే ఉండనివ్వండి, ఇద్దరి మధ్య ప్రొఫైల్ మార్చుకునే పనే తప్పుతుంది. నేను మాత్రం మార్చుకునే ఆడతాను, చూపుడు వేలికున్న చురుకు మధ్య వేలికి నాకు రాలేదు.

కొన్నాక ఒక పరీక్ష చెయ్యండి. పెయింట్ లాంటి ప్రోగ్రామ్ తెరిచి, మౌస్‌ని మీకు సహజంగా అనిపించినట్టు పట్టుకుని, తెర చూడకుండా ఒక అడ్డగీత గీయండి. ఎడమ చేత్తో పట్టినప్పుడు మౌస్ ముందు భాగం కొంచెం కుడికి తిరుగుతుంది, కుడి చేత్తో అయితే ఎడమకి. దాంతో గీత ఏటవాలుగా వస్తుంది. ఒంపు ఎక్కువగా ఉంటే కొన్ని మౌస్ సాఫ్ట్‌వేర్‌లలో సెన్సర్ కోణం సరిచేసే వీలుంది. అది లేకపోతే కుర్చీ కాస్త జరిపి, మోచెయ్యి బల్ల మీద ఆనేలా కూర్చుని చూడండి, చాలావరకు సర్దుకుంటుంది.

మీరు రాయనిది ఒకటుంది, చేతి కొలత. మణికట్టు మడత నుంచి మధ్య వేలి కొస వరకు కొలిచి, అరచెయ్యి ఆన్చి పట్టుకుంటారో వేళ్లు వంచి పట్టుకుంటారో కూడా కింద రాయండి. తమ్ముడిదీ రాయండి. జీ ప్రో వైర్‌లెస్, వైపర్ అల్టిమేట్ రెండింటిలో మీ ఇద్దరికీ ఏది నప్పుతుందో చెప్తాను.