సందేహాలు – సమాధానాలు: ‘భిన్న శ్రేణి’ అనవచ్చునా?

సందేహం: ఫ్రాక్టల్ (భాగంలోనూ మొత్తం రూపమే మళ్లీ కనిపించేది), ఫ్రాక్షన్ (భిన్నం) రెండూ ఒకే లాటిన్ ధాతువు నుంచి వచ్చాయని చదివాను. అట్లయితే ఫ్రాక్టల్ సీక్వెన్స్‌ను ‘భిన్న శ్రేణి’ అని పిల్లలకు చెప్పవచ్చునా? దానితో కట్టే పట్టికలోని వరుసలను మా దిక్కు మాటలో ‘సాలు’ అంటే తప్పా?
– ఒక గణిత ఉపాధ్యాయుడు, దేవరకొండ

సమాధానం: పుట్టుక సంగతి మీరన్నట్లే. ‘విరిగినది’ అనే అర్థమున్న లాటిన్ మాట ‘ఫ్రాక్టస్’ నుంచి 1975లో గణిత శాస్త్రవేత్త మాండెల్‌బ్రాట్ ‘ఫ్రాక్టల్’ను తయారుచేశాడు. మన ‘భిన్నం’ కూడా చీల్చడాన్ని చెప్పే ‘భిద్’ ధాతువు నుంచే వచ్చింది. అయినా ‘భిన్న శ్రేణి’ అనకండి. బడిపిల్లలకు భిన్నమంటే అర, పావు, ముప్పావు. మీరు చెప్పబోయే వరుసలో భిన్నం ఒక్కటీ ఉండదు. పైగా మన పాఠ్యపుస్తకాల్లో సంఖ్యలను కూడుతూ పోతే శ్రేణి, వరుసగా రాస్తే అనుక్రమం.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఈ అనుక్రమాన్ని కట్టే ఒక పద్ధతికి పనిముట్టు భిన్న భాగమే. రెండున్నరలో 2 పూర్ణ భాగం, అర భిన్న భాగం. 2 వర్గమూలాన్ని 1, 2, 3, 4, 5లతో గుణించి పూర్ణ భాగాలు తీసేస్తే సుమారుగా 0.414, 0.828, 0.243, 0.657, 0.071 మిగులుతాయి. వీటిని చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి, ఏది ఏ సంఖ్యతో గుణిస్తే వచ్చిందో ఆ సంఖ్యలను అదే క్రమంలో రాయండి. మొదటి ఒక్కదానికి 1; రెండింటికి 1, 2; మూడింటికి 3, 1, 2; నాలుగింటికి 3, 1, 4, 2; అయిదింటికి 5, 3, 1, 4, 2. 2 వర్గమూలం కరణీయ సంఖ్య, అంటే భిన్నంగా రాయలేనిది గనుక ఏ రెండు భిన్న భాగాలూ సమానం కావు.

ప్రార్థనలో ఎత్తు ప్రకారం నిలబెట్టిన వరుసలోకి కొత్త పిల్లవాడు వస్తే ఎక్కడో నడుమ చేరుతాడు, తక్కినవాళ్ల క్రమం చెదరదు. ఇదీ అంతే. అన్నింటినీ కలిపి 1, 1, 2, 3, 1, 2, 3, 1, 4, 2, 5, 3, 1, 4, 2… అని రాసి, ప్రతి సంఖ్య మొదటిసారి వచ్చిన చోట కొట్టివేయండి. మిగిలింది మళ్లీ అదే అనుక్రమం! ఫ్రాక్టల్ అనడం ఇందుకే. నాకు ఇందులో అన్నిటికన్నా అందంగా తోచేదీ ఇదే.

ఇక పట్టిక. 1 వచ్చిన స్థానాలు 1, 2, 5, 8, 13… మొదటి వరుస. 2 వచ్చినవి 3, 6, 10, 15… రెండవది. 3 వచ్చినవి 4, 7, 12… మూడవది. ఇట్లా ప్రతి సహజ సంఖ్యా పట్టికలో ఒక్కసారే, ఒక్కచోటే కనిపిస్తుంది.

‘భిన్న భాగాలతో భిన్న శ్రేణి’ అంటే పిల్లవాడికి ఏది పనిముట్టో, ఏది ఫలితమో తెలియదు. ‘ఫ్రాక్టల్ అనుక్రమం’ అనే రాయండి.

‘సాలు’ తప్పు కాదు. నాగటి ‘చాలు’కు మన నల్లగొండ, పాలమూరు రూపమది, పత్తిచేను తెలిసిన పిల్లలకు విడమరిచి చెప్పనక్కరలేదు. కాకపోతే అడ్డసాలు, నిలువుసాలు అని దిక్కు చెప్పండి. ప్రశ్నపత్రంలో అడ్డువరుస, నిలువువరుస అని వస్తుంది కనుక అవీ పక్కనే రాయించండి. పట్టికలోని అంకెలను మాత్రం ‘పూర్ణాంకాలు’ అనవద్దు. మన బడి పుస్తకాల ప్రకారం వాటిలో సున్న చేరుతుంది, ఈ పట్టికలో సున్న లేదు.