గ్రాహకమా, గ్రహీతా?

సందేహం: మెదడు గురించిన ఒక వ్యాసంలో ‘గ్రాహకం గ్లుటమేట్‌ను స్వీకరిస్తుంది’ అని ఉంది (గ్లుటమేట్ అంటే నాడీకణాల మధ్య కబురు మోసే రసాయనం). మరోచోట ‘గ్లుటమేట్ గ్రహీత’ అని చూశాను. రిసెప్టర్‌కు ఏది సరైన మాట? గ్లుటమేట్‌కు తెలుగు పేరు పెట్టుకోలేమా?
– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు

సమాధానం: గ్రాహకమనే రాయండి. గ్రహీత మనుషులకు చెల్లుతుంది: అవార్డు గ్రహీత, రక్త గ్రహీత. కణం పొరలో పాతుకుపోయిన ప్రోటీన్‌కు ఆ మర్యాద అక్కర్లేదు. హిందీలో గ్రాహక్ అంటే ఖాతాదారు, కొనుగోలుదారు కాబట్టి బ్యాంకు బోర్డులు చదివేవారికి మొదట్లో కాస్త తికమకగా ఉండొచ్చు, అంతే.

నా అభ్యంతరమల్లా ‘స్వీకరిస్తుంది’ దగ్గర. సన్మానం స్వీకరిస్తే శాలువా మన దగ్గరే ఉండిపోతుంది. ఇక్కడ అలా కాదు. గ్లుటమేట్ గ్రాహకాల్లో ఆంపా అనే రకాన్నే తీసుకోండి. దాని నిర్మాణాన్ని 2009లో అమెరికాలోని ఎరిక్ గువో బృందం ఎక్స్‌రేలతో తేల్చింది. నాలుగు ప్రోటీన్ గొలుసులు కలిసి ఇంగ్లిషు ‘వై’ అక్షరంలా నిలబడి ఉంటాయి. ఒక్కో గొలుసులో ఆల్చిప్ప లాంటి భాగం ఒకటి ఉంటుంది. గ్లుటమేట్ వచ్చి మధ్యలో కూర్చోగానే చిప్ప మూసుకుంటుంది. ఆ లాగుడుకు కింద పొరలో ఉన్న ద్వారం తెరుచుకుంటుంది. పైది మూసుకుంటేనే కిందిది తెరుచుకోవడం ఇందులో తమాషా! లోపలికి పోయేది ముఖ్యంగా సోడియం అయాన్లు. గ్లుటమేట్ గడప దాటదు, బయటే ఉండి కొద్ది మిల్లీసెకన్లలో జారిపోతుంది.

సంస్కృతంలో గ్రహ ధాతువుకు పట్టుకోవడమనే అర్థం. పాణిగ్రహణమంటే చెయ్యి పట్టుకోవడమే కదా. సూర్యుడికి గ్రహణం ‘పట్టింది’, ‘విడిచింది’ అంటాం. కనుక ‘గ్రాహకం గ్లుటమేట్‌ను పట్టుకుంటుంది, విడిచిపెడుతుంది’ అని రాయండి. పేరు సంస్కృతమైనా క్రియ తెలుగులో ఉంటే పిల్లలకు బొమ్మ కళ్లకు కడుతుంది.

గ్లుటమేట్ గ్రాహకాల్లోనే ఎన్‌ఎండీఏ అనే మరో రకం ఇంకా గడుసుది. అయాన్లు లోపలికి పోవాలంటే అది గ్లుటమేట్‌తో పాటు గ్లైసిన్ అనే మరో చిన్న అణువునూ పట్టుకోవాలి, దారిలో ఉన్న మెగ్నీషియం కూడా తప్పుకోవాలి. అక్కడా ‘అవరోధిస్తుంది’ ఎందుకు, ‘అడ్డుపడుతుంది’ ఉండగా?

ఇక గ్లుటమేట్. 1866లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ రిట్‌హౌసెన్ గోధుమలోని గ్లూటెన్ నుంచి గ్లుటామిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. గ్లుటమేట్ ఆ ఆమ్లపు అయాన్ రూపమే, పేరు అక్కడిదే. లాటిన్‌లో గ్లూటెన్ అంటే జిగురు. ఆ లెక్కన మనం ‘జిగురామ్లం’ అనాలి. తెలుగు మాటకు సంస్కృత మాటను అతికించే వైరి సమాసం సంగతి అటుంచండి, మీ తరగతిలో పిల్లలు బంక సీసా అనుకుంటారు. గ్లుటమేట్‌ను గ్లుటమేట్‌గానే ఉండనివ్వండి.