ఇంట్లో బీరు చేస్తే సీసా పేలింది.. పరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్. డల్లాస్‌లో మా బావ ఇంట్లోనే బీరు చేసుకుంటాడు. అది చూసి ఆన్‌లైన్‌లో రెండు కిట్లు కొన్నాను. ప్రకటనలో ‘దేశమంతటా చట్టబద్ధం’ అని ఉంది. మొదటి కిట్‌తో 20 లీటర్లు చేసి, ఆరో రోజు పాత 650 మి.లీ. బీరు సీసాల్లో నింపాను. సీసాకు ఒక టీచెంచా చక్కెర అని చీటీలో ఉన్నా, నురగ బాగా రావాలని రెండు వేశాను. పది రోజులకు ఒక సీసా పేలి కుడిచేతి నరం తెగింది. ఆపరేషన్‌కు లక్ష దాటింది. 22 నెలలైంది. రెండో కిట్ విప్పలేదు. అమ్మినవాళ్లపై కేసు వేయొచ్చా?

జవాబు: మీ కేసును తేల్చేది సీసా కాదు, లైసెన్సు. మద్యం రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో ఉంది. తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం నేరం. ఇంటి వాడకానికే అన్నా కుదరదు. 2015 నాటి మైక్రోబ్రూవరీ (చిన్న బీరు తయారీ కేంద్రం) నిబంధనలు వ్యాపారాలకే తప్ప ఇళ్లకు కావు. మీ బావకున్న వెసులుబాటు అమెరికా చట్టం ఇచ్చినది: అమ్మకూడదన్న షరతుతో ఏడాదికి ఒక వయోజనుడు ఉన్న ఇంటికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఆపైన ఉంటే 200. అది ఇక్కడ చెల్లదు.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుతోపాటు ప్రమాణపత్రం ఇవ్వాలి. అందులో ‘20 లీటర్లు చేశాను’ అని రాసి సంతకం పెడితే మీ నేరాన్ని మీరే ఒప్పుకున్నట్టు. బలవంతంగా చెప్పించకుండా రాజ్యాంగంలోని 20(3) అధికరణం కాపాడుతుంది గానీ, మీ అంతట మీరు రాసిచ్చినదాన్ని కాదు.

అది పక్కన పెట్టినా దావా నిలవదు. చీటీ సరిగానే ఉంది. టీచెంచా అంటే సుమారు 4 గ్రాములు, అంటే లీటరుకు 6 గ్రాములు. మీరు 12 చేశారు. పైగా హైడ్రోమీటరు (ద్రవ సాంద్రత కొలిచే సాధనం) చూడకుండా ఆరో రోజే మూత బిగించారు. రెండు మూడు రోజుల తేడాతో రెండుసార్లు చూసినా రీడింగు మారకపోతేనే పులియడం ఆగినట్టు. ఆగకపోతే మిగిలిన మాల్టు చక్కెర కూడా సీసాలోనే గ్యాసవుతుంది. ఎన్నోసార్లు వాడి గీతలు పడ్డ గాజు ఆ ఒత్తిడికి ఆగదు. ఆ సీసాలూ మీవే. ఉత్పత్తిని దుర్వినియోగం చేస్తే అమ్మకందారుపై దావా కుదరదని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 87 చెబుతోంది. ముందున్న చీటీని లెక్కచేయకపోవడం మీ నిర్లక్ష్యమే.

‘అల్లం సోడా చేస్తుంటే పేలింది’ అని రాద్దామని ఎవరైనా అంటే వినకండి. కమిషన్ ముందు విచారణ న్యాయవిచారణే. అబద్ధపు సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు. డాక్టరుకు ఏం చెప్పారో ఆస్పత్రి కేస్‌షీట్‌లో రాసే ఉంటుంది.

మీకున్న దారి రెండో కిట్ డబ్బు ఒక్కటే. తప్పుదోవ పట్టించే ప్రకటన కింద దాని ధర వరకే అడగండి, గాయం ఊసెత్తకండి. తయారీ కోసం పరికరాలు ఉంచుకోవడమూ నేరమే కాబట్టి విప్పకుండా వాపసు ఇస్తామని రాయండి. గడువు రెండేళ్లు. దాన్ని సీసా పేలిన రోజు నుంచి కాదు, కిట్ కొన్న రోజు నుంచి లెక్కపెట్టండి. మీకు రెండు నెలలు కూడా లేవు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి; అయితే దానివల్ల గడువు ఆగదు. ఇన్‌వాయిస్, ప్రకటన స్క్రీన్‌షాట్, దానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా ఇచ్చేందుకు కావాల్సిన ధ్రువపత్రం) సిద్ధం చేసుకోండి. ఆ ప్రకటన పేజీ ఇంకా ఉంటే ఈరోజే తేదీ కనిపించేలా తీసిపెట్టుకోండి.