వాడని విలువపై హెచ్చరిక: కారణం కూడా చెప్పాలి కదా?

ప్రశ్న: మా నాన్నగారి బియ్యం దుకాణం పద్దుల కోసం సి ప్లస్ ప్లస్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశాను. బాకీల జాబితాను ఖాళీ చేయడానికి ‘ఎంప్టీ’ వాడితే, అది ఇచ్చిన విలువను వాడలేదని కంపైలర్ (ప్రోగ్రామ్‌ను యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే సాధనం) హెచ్చరించింది. నేను పట్టించుకోలేదు, పాత బాకీలు కొత్త లెక్కలో కలిసిపోయాయి. హెచ్చరిక ఇంకాస్త వివరంగా ఉండకూడదా?
– ఒక విద్యార్థి, పర్లాకిమిడి, ఒడిశా

జవాబు: ‘ఎంప్టీ’ జాబితాను ఖాళీ చేయదు, అది ఖాళీగా ఉందో లేదో మాత్రమే చెబుతుంది. మీకు కావలసింది ‘క్లియర్’. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు, పేరే అలా ఉంది మరి. ఇలాంటి హెచ్చరికకు మూలమైన, సి ప్లస్ ప్లస్ భాష 2017 ప్రమాణంలో వచ్చిన ‘నోడిస్కార్డ్’ గుర్తు, ఫలితాన్ని వదిలేయడం తగదని సూచించి ఊరుకునేది. 2020 ప్రమాణం ఆ గుర్తుతోపాటు కారణాన్ని కూడా వాక్యంగా రాసే వీలు కల్పించింది గనుక, మీరు రాసే ఫంక్షన్లకు ‘ఇది జాబితాను మార్చదు, ఖాళీ చేయాలంటే క్లియర్ వాడండి’ అని తెలుగులోనే జతచేయవచ్చు. రస్ట్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో, పాఠం మొదట్లో, చివర్లో ఉన్న ఖాళీలను తీసేసిన రూపాన్ని ఇచ్చే ‘ట్రిమ్’ ఫలితాన్ని వదిలేస్తే, మూల పాఠం మారలేదని కంపైలరే వివరిస్తుంది. నా దృష్టిలో మంచి హెచ్చరిక అంటే అదే. అయితే ప్రతి ఫంక్షన్‌కూ ఈ గుర్తు తగిలిస్తే హెచ్చరికలను ఎవరూ చదవరు. ఫలితాన్ని కావాలనే వదిలేసేటప్పుడు దానిని ‘వాయిడ్’గా (విలువ ఏదీ లేదని చెప్పే రకంగా) మార్చి రాస్తే సరిపోతుంది.