నల్లని ఒంటి మీద నాట్యం కట్టే అమ్మాయికి

చి. అమ్మాయికి ఆశీస్సులు.

ఒంటి రంగు మీద పావుగంట ఆధునిక నృత్యం కడుతున్నానని రాశావు, సంతోషం. కానీ నీ ప్లాన్‌లో వెనక తెర మీద నినాదాలు, మధ్యలో వ్యాఖ్యానం ఎక్కువైపోయాయమ్మా. ఒళ్లు చెప్పేది తక్కువైంది. అమెరికాలో నల్లజాతి నృత్యకారుడు ఆల్విన్ ఎయిలీ 1971లో తల్లి పుట్టినరోజు కానుకగా ‘క్రై’ అనే నృత్యం కట్టాడు. అతని బృందంలోని జుడిత్ జేమిసన్ ఒక్కతే పదహారు నిమిషాలు ఆడింది. చేతిలో పొడవాటి తెల్లగుడ్డ, అంతే. దాంతోనే నేల తుడుస్తుంది, దాన్నే భుజాల మీద శాలువాగా కప్పుకుంటుంది. నల్లజాతి ఆడవాళ్ల చాకిరీ, ఠీవీ రెండూ ఆ గుడ్డలోనే కనిపిస్తాయి.

నువ్వూ ఒకే వస్తువు పట్టుకో. ఫిషింగ్ హార్బర్లో చేపలమ్మేవాళ్ల తట్ట, దాని కింది చుట్టకుదురు చాలు. ముందు నిజం తట్టలో అయిదు కిలోల ఇసుక పోసి, నెత్తిన పెట్టుకుని రోజూ నడువు. మెడ కదలదు, బరువంతా నడుములో ఆడుతుంది, మలుపు తిరిగినప్పుడు తలకంటే ముందు పాదం తిరుగుతుంది. అది ఒంటికి పట్టాకే తట్ట తీసెయ్. బరువు మొయ్యకుండా నటిస్తే భుజాలు చెవుల దాకా లేస్తాయి. చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా ఆ అబద్ధం తెలిసిపోతుంది.

తెల్లగా ఉన్న పిల్లకి నల్లరంగు పూసి నిలబెట్టకు, అది అవమానం. నల్లపిల్లకి లేతరంగు పాన్‌కేక్ మేకప్ వేయడమూ అలాంటిదే. పైగా లైట్లో ముఖం బూడిద రంగు తిరిగి, మెడ వేరే మనిషిదిలా కనిపిస్తుంది. షేడ్ ఎంచుకునేటప్పుడు దవడ కింద రాసి, స్టేజీ లైట్లోనే చూడు.

ఇక లైటింగు. మన హాళ్లలో చాలావరకు ఎదురుగా తెల్లలైటు కొట్టి వదిలేస్తారు. దానికి నల్లని ఒళ్లు చదునైపోతుంది, కండ కదలిక కనబడదు. పక్క తెరల మధ్య నిలువు స్టాండ్లు పెట్టించి పిక్క, నడుము, తల ఎత్తుల్లో సైడ్ లైట్లు వేయించు. ఒకవైపు లేత ఆంబర్ (తేనెరంగు), ఇంకోవైపు లావెండర్ (లేత ఊదా). ఆకుపచ్చ వద్దే వద్దు. వెనక నల్లతెర ఉంటే భుజాలు అందులో కలిసిపోతాయి, అందుకని వెనక నుంచి సన్నగా ఒక లైటు తప్పనిసరి. బట్ట మరీ తెల్లనిదైతే చూపంతా దాని మీదకే పోయి ముఖం చీకటవుతుంది. టీ డికాక్షన్‌లో ముంచి ఆరేస్తే ఆ మెరుపు తగ్గుతుంది.

అరకు గిరిజనులు ఒకరినొకరు పట్టుకుని ఆడే థింసా అడుగు ఒకటి పెడదామన్నావు. అరకు వెళ్లి ఆడేవాళ్లనే అడుగు, నేర్పినందుకు డబ్బివ్వు, ప్రోగ్రాం కాగితంలో వాళ్ల ఊరి పేరు వేయించు. వీడియో చూసి ఎత్తుకొస్తే చేతుల గొలుసు వస్తుంది గానీ, పక్కమనిషి బరువు తెలియదు.

మన సముద్రపు గాలికి స్టేజీ నేల మీద పరిచే వినైల్ షీటు సాయంత్రానికి చెమ్మెక్కి, ఉత్తకాళ్లు జారతాయి. ఆటకి ముందు పొడిగుడ్డతో తుడిపించు, ఫినాయిల్ తగలనివ్వకు.

హాలు బుక్ చేసేటప్పుడే లైటింగు రిహార్సల్‌కి విడిగా రెండు గంటలు అడుగు. ఆ రెండు గంటలూ అందరికంటే నల్లగా ఉన్న అమ్మాయిని, ఆడేరోజు బట్టల్లోనే, నడిమధ్యన నిలబెట్టి లైట్లు సరిచేయించు. మిగతావాళ్లకి ఆ తర్వాత చూసుకోవచ్చు.