పుట్ అంటే పెట్టడమేనా?

ప్రశ్న: పుట్ అంటే పెట్టు అని బళ్లో నేర్చుకున్నాం. మరి పుట్ ఆఫ్, పుట్ అవుట్, పుట్ డౌన్... వీటిలో పెట్టడమే కనిపించదు. బట్టీ పట్టినా వారం తిరక్కుండానే కలగాపులగం అయిపోతున్నాయి. ఏం చేయాలి?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: మన ‘కనిపెట్టు’లో ఏం పెడుతున్నాం? ‘మొదలుపెట్టు’లో, ‘భయపెట్టు’లో? తెలుగులో అర్థాన్ని మోసే మాట ‘పెట్టు’కు ముందొస్తుంది, ఇంగ్లిష్‌లో ‘పుట్’కు వెనక వస్తుంది. పద్ధతి మనకు కొత్తదేం కాదు.

కలగాపులగానికి కారణం నోటుబుక్కులో ‘పుట్ అవుట్ – ఆర్పు’ అని రాసుకోవడమే. ‘దేన్ని’ అన్నది కూడా కలిపి రాయండి. పుట్ అవుట్ ద ఫైర్ (మంట ఆర్పడం), పుట్ ఆఫ్ ద మీటింగ్ (సమావేశం వాయిదా వేయడం), పుట్ ఆన్ వెయిట్ (బరువు పెరగడం), పుట్ అప్ ఎ పోస్టర్ (పోస్టర్ అంటించడం), పుట్ బై సమ్ మనీ (కొంత డబ్బు దాచుకోవడం). ఆ చివరి నామవాచకమే అర్థాన్ని పట్టిస్తుంది. పుట్ డౌన్ ఒక్కటి చూడండి. వెనక ‘ద ఫోన్’ ఉంటే ఫోన్ పెట్టేయడం. మనిషి ఉంటే నలుగురిలో చిన్నబుచ్చడం. జబ్బుపడిన ముసలి కుక్క ఉంటే, పశువుల డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి దాని బాధ ముగించడం! చంకలో ఉన్న కుక్కపిల్లను కిందికి దించడానికీ ఇదే మాట కాబట్టి సందర్భం చూసుకోవాలి.

ప్రశ్న: ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’ ఒప్పయినప్పుడు ‘పుట్ ఆఫ్ ఇట్’ ఎందుకు తప్పు?
– ప్రైవేటు ఉద్యోగి, నల్గొండ

జవాబు: నామవాచకానికి రెండు చోట్లా కూర్చునే స్వేచ్ఛ ఉంది. పుట్ ఆఫ్ ద మీటింగ్, పుట్ ద మీటింగ్ ఆఫ్... రెండూ సరైనవే. సర్వనామానికి మాత్రం నడుమే చోటు: పుట్ ఇట్ ఆఫ్. ఇంగ్లిష్ వాక్యంలో కొత్త సంగతి, బరువైన మాట చివరికి జరుగుతాయి. ‘ఇట్’ అంటే అప్పటికే తెలిసిన సంగతి, పైగా తేలిక మాట. అందుకే లోపలికి పోతుంది. అదే కారణంతో నామవాచకం చాంతాడంత ఉంటే మధ్యలో ఇరికించకండి. ‘పుట్ ఆఫ్ ద మీటింగ్ విత్ ద న్యూ సప్లయర్స్ ఫ్రమ్ పుణే’ అనాలి. ‘ఆఫ్’ను పుణే దాకా లాక్కెళితే, వినేవాడు దానికోసం కాచుకుని కూర్చోవాలి.

పలికేటప్పుడు ఊనిక ఇట్ మీద కాదు, ఆఫ్ మీద.

దీనితో పాటే దొర్లే ఇంకో తప్పు: ‘ఐ పుట్ ఆఫ్ టు గో’. పుట్ ఆఫ్ తర్వాత క్రియ వస్తే ‘ఇంగ్’ రూపమే రావాలి: పుట్ ఆఫ్ గోయింగ్. ఇక్కడ తెలుగును నమ్ముకోవచ్చు. ‘వెళ్లడం వాయిదా వేశాను’ అంటాం గానీ ‘వెళ్లడానికి వాయిదా వేశాను’ అనం కదా. ఆ ‘అడం’ ఉన్నచోట ‘ఇంగ్’ పెట్టండి.

ప్రశ్న: స్టేషన్‌లో నన్ను గుర్తుపట్టడానికి ‘ఐ యామ్ పుటింగ్ ఆన్ ఎ బ్లూ షర్ట్’ అని ఫోన్‌లో చెప్తే అవతలివాళ్లు నవ్వారు. తప్పేముంది?
– పాఠకుడు, వరంగల్

జవాబు: వాళ్లకు మీరు ప్లాట్‌ఫామ్ మీద నిలబడి చొక్కా తొడుక్కుంటున్నట్టు వినిపించింది. పుట్ ఆన్ అంటే తొడుక్కునే పని. చేతులు దూర్చడం, బొత్తాలు పెట్టుకోవడం అయిపోగానే దాని పని అయిపోతుంది. ఆ తర్వాత ఒంటి మీద ఉన్నంతసేపూ ‘ఐ యామ్ వేరింగ్’. తెలుగులో ‘నీలం చొక్కా వేసుకున్నాను’ అన్న ఒక్క మాట రెంటికీ సరిపోతుంది. చిక్కు అక్కడే వచ్చింది.

ప్రశ్న: పుట్‌కు భూతకాలం పుట్టెడ్ కాదా?
– తొమ్మిదో తరగతి, అనంతపురం

జవాబు: పుట్టెడు వడ్లున్నాయి, పుట్టెడు దుఃఖం ఉంది, పుట్టెడ్ మాత్రం లేదు. క్రియ మూడు రూపాలూ ‘పుట్’ అనే ఉంటాయి. గోల్ఫ్‌లో బంతిని గుంటలోకి నెమ్మదిగా కొట్టడాన్ని ‘పట్’ అంటారు, దానికి పటెడ్ ఉంది. అది వేరే క్రియ. మరి కాలం ఎలా తెలుస్తుంది? ‘షి పుట్స్ ఇట్ ఆఫ్’ అంటే ఎప్పుడూ వాయిదా వేస్తుంటుందని. ఎస్ లేకుండా ‘షి పుట్ ఇట్ ఆఫ్’ అంటే వేసేసిందని.

ప్రశ్న: ‘వేర్ ఆర్ యు పుట్ అప్?’ సరైనదేనా? పుట్ అప్ విత్ కూడా అదేనా?
– గృహిణి, మస్కట్

జవాబు: మన దేశంలో ఎవరినడిగినా అర్థమవుతుంది, అడ్రసు చెప్తారు. బయటివాళ్లతో ‘వేర్ ఆర్ యు స్టేయింగ్?’ అనండి. పుట్ అప్ అంటే తాత్కాలికంగా బస ఇవ్వడం. సొంతింట్లో పదేళ్లుగా ఉన్నవాళ్లను అలా అడగడం కుదరదు. పుట్ అప్ విత్ అంటే సహించడం. ఈ మూడు మాటలూ విడిపోవు, ‘ఇట్’ వచ్చినా చివరికే: పుట్ అప్ విత్ ఇట్. ‘మై ఆంట్ పుట్ మీ అప్ ఫర్ ఎ మంత్’ అంటే పిన్నిగారు నెలరోజులు ఇంట్లో ఉండనిచ్చారు. ‘మై ఆంట్ పుట్ అప్ విత్ మీ ఫర్ ఎ మంత్’ అంటే నెలరోజులూ భరించారు. కృతజ్ఞత చెప్పేటప్పుడు ఏది నిజమో చూసుకుని వాడండి.